కారు లారి నెక్కి: టీకా తాత్పర్యం

మూలం

కారు లారి నెక్కి కదలిపోవు మునుపు
నాల్గు వైపులందు నకలు దీసి
పావు ట్యాంకు చమురు పాత్రలో నుండగా
సంతకమ్ము సేయ సౌఖ్యమబ్బు

ప్రతిపదార్థం

కారు = షెవ్రొలే కార్వెట్, అందులోనూ ఎనిమిదో తరానిది; లారి నెక్కి = కార్లను మోసే ట్రెయిలర్ మీదికి చేరి; కదలిపోవు మునుపు = న్యూజెర్సీలోని ఎడిసన్ విడిచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కు బయలుదేరక ముందే; నాల్గు వైపులందున్ = ముందు, వెనుక, కుడి, ఎడమల; నకలు దీసి = ఫొటోలు తీసి; పావు ట్యాంకు చమురు = నాలుగో వంతు పెట్రోలు; పాత్రలోన్ + ఉండగా = ట్యాంకులో ఉన్న స్థితిలో; సంతకమ్ము సేయన్ = బిల్ ఆఫ్ లేడింగ్ అనే సరుకు రసీదు మీద చేవ్రాలు చేసినట్లయితే; సౌఖ్యము అబ్బున్ = రాత్రి నిద్ర పడుతుంది.

తాత్పర్యం

ఉద్యోగం మారి అమెరికాలో ఈ దరి నుంచి ఆ దరికి కాపురం తరలించే తెలుగువాడు, ముచ్చటపడి కొన్న స్పోర్ట్స్ కారును లారీవాడికి అప్పగించేటప్పుడు ముందు ఫొటోలు తీసి, ఆ తరువాతే సంతకం పెట్టాలి. పెట్రోలు కొద్దిగానే ఉంచాలి.

విశేషాలు

కారు. 1953 నుంచి ఇంజను ముందు ఉంచుకొని వచ్చిన కార్వెట్, 2020 మోడల్‌తో దాన్ని సీట్ల వెనక్కి మార్చుకుంది. సామాన్య వాచకమైన ‘కారు’ శబ్దానికి ఈ విశేషార్థం ఎలా వచ్చిందనే శంకకు సమాధానం సులభం. పిల్లల్ని బడికి దింపే టొయోటా సియెన్నా కూడా అదే ఇంట్లో ఉంటుంది. దాని మీద ఎవరూ పద్యం చెప్పరు.

పూర్వపక్షం: తానే నడుపుకొంటూ పోరాదా? టీనెక్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోయే ఇంటర్‌స్టేట్ 80 రహదారి పొడవు సుమారు 2,900 మైళ్లు. అంత దూరమూ ఓడోమీటరు మీద పడుతుంది, అమ్మేనాడు ధర తగ్గుతుంది, ముందు లారీల టైర్లు విసిరే రాళ్లు బానెట్ మీద పడతాయి. పైగా యజమాని సోమవారం ఉదయం కొత్త ఆఫీసులో ఉండాలి. కనుక లారీయే సిద్ధాంతం.

లారి. ఇది రెండు విధాలు. తెరిచి ఉన్నదాని మీద ఎనిమిది, తొమ్మిది కార్లు రెండంతస్తులుగా ఎక్కుతాయి. మూసి ఉన్నదానిలో కొన్నే పడతాయి. దానికి కిరాయి బాగా ఎక్కువ. పద్యంలో ఏది ఉద్దేశించారో స్పష్టం కాదు. అయినా ఈ కారు ముక్కు నేలకు చాలా దగ్గర. నిటారు ర్యాంపు ఎక్కిస్తే కింది పెదవి గీసుకుంటుంది. వెనుక హైడ్రాలిక్ లిఫ్ట్ ఉన్న మూత లారీ అయితే ఆ బాధ ఉండదు కాబట్టి, స్తోమత ఉంటే ఈ అర్థమే గ్రాహ్యం. ఫ్రంట్ లిఫ్ట్ పెట్టించుకున్న కార్వెట్ మీట నొక్కగానే ముక్కును సుమారు 40 మిల్లీమీటర్లు ఎత్తుతుంది. ఎక్కడెక్కడ ఎత్తాలో జీపీఎస్ సాయంతో వెయ్యి చోట్ల వరకు గుర్తు పెట్టుకుంటుంది. లారీ ఆగే చోటు ఆ వెయ్యింటిలో ఉండదు గనుక, ఆ మీట ఎక్కడుందో డ్రైవరుకు చెప్పి మరీ తాళం ఇవ్వాలి. కట్టు కూడా ఇరుసులకు గొలుసులతో కాక, టైర్ల మీదుగా మెత్తని పట్టీలతో వేయించుకోవాలి.

లారీ ఉన్న పద్యంలో దళారి లేడు. ఇది మరపు కాదు. బేరం కుదిర్చేది సాధారణంగా బ్రోకరే. అతనికి ఫెడరల్ రిజిస్ట్రేషన్, 75,000 డాలర్ల పూచీకత్తు ఉండాలి. కానీ లారీ అతనిది కాదు, రంగుకు గీత పడితే జవాబు చెప్పవలసింది లారీ సంస్థ. కాబట్టి ఆ సంస్థ యూఎస్‌డాట్ నంబరు అడిగి, రవాణా శాఖ వెబ్‌సైటులో ముందే చూసుకోవాలి.

కదలిపోవు. డ్రైవరు 14 గంటల పని వ్యవధిలో 11 గంటలకు మించి నడపకూడదు; తరువాత పది గంటల విరామం తప్పనిసరి. గంటకు 60 మైళ్ల లెక్కన రోజుకు 660 మైళ్లు, అంటే 2,900 మైళ్లకు అయిదు రోజులు. దారిలో ఇతరుల కార్లను దించడం, ఎక్కించడం కలిస్తే అంతకు మించుతుంది. ‘గురువారం పొద్దున్నే వచ్చేస్తుంది సార్’ అన్న మాటను అర్థవాదంగా గ్రహించాలి.

మునుపు. ఈ ముక్కలో అద్దానికి అంటించిన ఈజెడ్‌పాస్ తీసేయడం, అలారం ఆపేయడం ఇమిడి ఉన్నాయి. పాస్ అక్కడే ఉంటే, లారీ మీద కూర్చొని వెళ్లే కారుకు కూడా టోల్ పడే ప్రమాదం ఉంది.

నాల్గు వైపులందు. ఇది ఉపలక్షణం. పైకప్పు, నాలుగు చక్రాల రిమ్ములు, ముందు పెదవి అడుగుభాగం, విండ్‌షీల్డు, ఓడోమీటరు కూడా ఇందులో చేరతాయి. కారును కడిగి, పగటి వెలుతురులో తీయాలి. దుమ్ము కింద పాత గీత, కొత్త గీత ఒకేలా ఉంటాయి. వైపులన్నారే గాని లోపల అనలేదు. లోపల ఏమీ ఉండరాదని ధ్వని. డిక్కీ ఖాళీగా ఉందని తడిపిండి గ్రైండరు సర్దేవారు గమనించాలి. కార్లు మోసే సంస్థకు గృహసామాను మోసే అనుమతి ఉండదు, దాని బీమా గ్రైండరుకు వర్తించదు. ఎగుడుదిగుడు దారిలో ఆ రాయి డిక్కీ గోడను కొడితే అది కారుకే నష్టం.

ట్యాంకు, పాత్ర. పునరుక్తి దోషం కాదా? కాదు. మొదటిది కొలత, రెండోది ఆధారం. కారు ఎక్కడానికి, దిగడానికి మాత్రం చాలినంత పెట్రోలు ఉండాలి, తక్కినది బరువు. ఈ కారు ట్యాంకు 18.5 గ్యాలన్లు, గ్యాలను పెట్రోలు సుమారు ఆరు పౌన్లు. నిండు ట్యాంకుకు, పావు ట్యాంకుకు తేడా 80 పౌన్లకు పైనే. తొమ్మిది కార్లకు అది 700 దాటుతుంది. ఇంటర్‌స్టేట్ రహదారుల మీద సరుకుతో సహా లారీ మొత్తం బరువు 80,000 పౌన్లు మించరాదు కాబట్టి డ్రైవరుకు ఈ లెక్క కంఠస్థం.

సంతకమ్ము. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ‘దీసి’ క్త్వార్థకం, అంటే ఫొటో పూర్వం, సంతకం పరం; ఈ క్రమం తప్పితే సౌఖ్యం రాదు. ఏకవచనం జాత్యేకవచనం, ఎందుకంటే సంతకాలు రెండు. మొదటిది ఎక్కించేటప్పుడు: రసీదులోని కారు బొమ్మ మీద డ్రైవరు గుర్తించిన గీతలు, సొట్టలు నిజంగా ఉన్నవేనని ఒప్పుకోవడం. రెండోది దించేటప్పుడు, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పొడవాటి లారీ ఇంటి వీధిలోకి తిరగదు. చీకటి పడ్డాక ఏ మాల్ పార్కింగు స్థలంలోనో కారు దిగుతుంది, డ్రైవరు తొందరలో ఉంటాడు. టార్చి వేసి చుట్టూ చూసి, కొత్త గీత ఉంటే రసీదు మీద రాసి, ఆ తరువాతే చేవ్రాలు చేయాలి. శుభ్రంగా ముట్టిందని సంతకం చేశాక నష్టాన్ని రుజువు చేయడం చాలా కష్టం.

ఈ రసీదు వెనుక 1906 నాటి కార్మాక్ సవరణ ఉంది. రాష్ట్రాలు దాటే సరుకుకు నష్టం జరిగితే మోసిన సంస్థే బాధ్యత వహించాలంటుంది. క్లెయిము పెట్టడానికి తొమ్మిది నెలలకు, తిరస్కరించాక దావా వేయడానికి రెండేళ్లకు తగ్గకుండా గడువు ఇవ్వాలి. అయితే రాతపూర్వకంగా ఒప్పుకుంటే సంస్థ తన బాధ్యతకు పరిమితి పెట్టుకోవచ్చు. ఆ వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఛందస్సు

ఆటవెలది. కా-క, నా-న, పా-పా, సం-సౌ యతులు. ‘ట్యాంకు’ ముందున్న ‘వు’ తెలుగు పదాంతం కనుక లఘువే. టెస్లా యజమానులు ‘చమురు’ స్థానంలో ‘కరెంటు’ అని చదువుకుంటామంటే కుదరదు. అక్కడ సూర్యగణం పడాలి, ‘కరెంటు’ జగణం. వారు వేరే పద్యం రాయించుకోవాలి.