పూతరేకుల కుండకు కాస్త చోటివ్వండి

ఎప్కాట్ ఆహారోత్సవ పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఫ్లోరిడాలోని ఎప్కాట్ వినోద పార్కులో మీరు ఏటా జరిపే అంతర్జాతీయ ఆహారోత్సవానికి మా అబ్బాయి పుణ్యమా అని వచ్చి వెళ్లిన రిటైర్డు గుమాస్తాను. చెరువు చుట్టూ దాదాపు రెండు కిలోమీటర్లు నడిపించి పదకొండు దేశాల మండపాలు చూపించారు. మెక్సికో పక్కిల్లు నార్వే, నార్వే పక్కిల్లు చైనా. మా ఊళ్లో సర్వేయరు ఇలా హద్దురాళ్లు పాతితే ఈపాటికి కోర్టు మెట్లెక్కేవాడు. మొరాకో తప్ప మిగతా ఆఫ్రికా ఖండమంతటికీ కలిపి చైనాకూ జర్మనీకీ మధ్య ఓ చిన్న మజిలీ! ఆ పదకొండింట్లో మా దేశం లేదు. సరే, అలగను.

చేతిలో పాస్‌పోర్టని ఒక పుస్తకం పెట్టారు. ఇంటర్వ్యూ లేదు, వేలిముద్రలు లేవు. అసలు వీసాకు పడ్డ పాట్లు తెలిసినవాణ్ని కాబట్టి దాన్ని పై జేబులో భద్రంగా దాచుకున్నాను.

కెనడా వాళ్ల చెడ్డార్ చీజ్ సూప్ దగ్గర జనం బారులు తీరారు. అందులో బీరూ పందిమాంసమూ పడతాయని అబ్బాయి చెప్పగానే మా ఆవిడ పక్కనున్న బన్ను తుంచుకుని నోట్లో వేసుకుని, ‘దీనికా ఇంత క్యూ!’ అంది. గ్రీసు వాళ్ల పాలకూర పఫ్ మాత్రం ఆవిడకు నచ్చింది. తీరా నచ్చేసరికి అయిపోయింది. పళ్లెం ఏడెనిమిది డాలర్లు, అందులో ఉండేది నాలుగు ముద్దలు. మా పెళ్లి బంతిలో చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి వడ్డిస్తారు. మీ దగ్గర ఇంకాస్త అంటే మళ్లీ కార్డు గీకాలి.

మాకు మండపం లేకపోయినా, ఆ మధ్య ఉత్సవంలో మీ ఇండియా స్టాల్లో కాలీఫ్లవరు, క్యారెట్టు, శనగలు వేసి ‘మద్రాస్ రెడ్ కర్రీ’ అని పెట్టేవారు. మద్రాసు చెన్నై అయిందీ, మీ ఉత్సవం పుట్టిందీ ఒకే ఏడు, 1996. ఆ పేరు సంగతి చెన్నై వాళ్లు చూసుకుంటారు.

నా మనవి వేరు. 1984లో తెరిచిన మొరాకో మండపానికి ఆ దేశపు రాజు రెండో హసన్ తన పనివాళ్లనే పంపాడు. నేను రాజును కాను. అయినా మా వైపు ఆత్రేయపురం నుంచి ఇద్దరు ఆడవాళ్లనీ, ఒక కుండనీ పంపమని మావాళ్లకు చెప్పగలను. కుండను పొయ్యి మీద బోర్లిస్తారు. నీళ్లలా జారే బియ్యప్పిండిలో పల్చటి గుడ్డ ముంచి, కాలే కుండ మీద అలా పరిచి ఇలా లాగేస్తారు. వెనక ఉల్లిపొరలాంటి రేకు మిగులుతుంది. చిరగకుండా దాన్ని ఎత్తడం చూడ్డానికే మీ జనం నిలబడిపోతారు. తర్వాత నెయ్యి రాసి, బెల్లప్పొడి చల్లి, మడత పెడితే పూతరేకు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గోధుమ లేదు, గుడ్డు లేదు, మాంసం లేదు. మెనూలో మీరు రాసే హెచ్చరికలు సగం తగ్గుతాయి. నిలబడి, ఒంటి చేత్తో తినొచ్చు.

మండపం వద్దు, తాజ్‌మహల్ నమూనా అసలే వద్దు. వాన తగలని చోటు చూపించండి చాలు. మీ సెప్టెంబరు తేమకు రేకులు మెత్తబడిపోతాయి. పొయ్యిలోకి ఎండు కొబ్బరాకులు కావాలి, మయామి వైపు నుంచి తెప్పించుకోవచ్చు.

ఒకే ఒక్క షరతు. నెయ్యి గిన్నె దగ్గరికి మీ లెక్కల వాళ్లు రాకూడదు. పూతరేకుకు ఇన్ని చుక్కలని కొలత పెట్టారా, కుండ ఆ సాయంత్రమే విమానం ఎక్కేస్తుంది.

ఇట్లు,
మీ పాస్‌పోర్టు ఇంకా దాచుకున్న
ఒక గోదావరి జిల్లా వాసి