అరపూట కూలి

1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించక ముందు మాట. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టడానికి ఇంకా చాలా ముందు. తాడేపల్లిగూడెం మిల్లుల్లో ఎత్తిన తవుడు లారీలకెక్కి కొల్లేటి చేపలకు మేతగా పోయేది. మా మేనమామది ఆ వ్యాపారమే. ఒకసారి బస్తాల లారీలో నేనూ వెళ్ళాను.

కైకలూరు దాటి గట్టెక్కేసరికి తెల్లవారింది. పట్టుబడి జరుగుతోంది. మగవాళ్ళు పీకల్లోతు నీళ్ళలో నిలబడి వల లాగుతున్నారు. బొచ్చెలు, శీలావతులు ఎగిరెగిరి పడుతుంటే గట్టు మీద ఆడవాళ్ళు సైజుల వారీగా ఏరి పెట్టెల్లో వేసి, ఐసు కొట్టి సర్దుతున్నారు. ఒక పక్క హౌరా వెళ్ళే లారీ, ఇంకో పక్క చెరువు లీజుదారు కారు. ఆయన ఉండేది ఏలూరు. ఫలహారం క్యారేజీలో ఇంటినుంచే వచ్చింది.

ఎండెక్కాక ఒక ముసలాయన గట్టెక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళంతా పాచి. సత్తు గిన్నెలో చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఎదురుగా బండెడు చేపలున్నా గిన్నెలో ముల్లు ముక్క లేదు.

"చేప వేసుకోలేదేం తాతా?"

"పట్టుబడిలో చేప ముట్టుకుంటే దొంగతనం కింద లెక్క బాబూ."

తాగే నీళ్ళు కూడా పడవ మీద బిందెల్లో వచ్చినవే. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే మురుగు, చెరువుల్లోంచి వదిలే నీరు కలిసి, చుట్టూ కనుచూపు మేర ఉన్న నీళ్ళలో గుక్కెడు పనికొచ్చేవి లేవు. చిన్నతనంలో ఆయన కొల్లేట్లో మావులు పెట్టి కొర్రమీను పట్టేవాడట. దాహమేస్తే పడవ పక్కనే దోసిలి పట్టేవాడట.

"అప్పుడూ లేనోళ్ళమే. కానీ తినే చేపకి ఎవరినీ అడిగే పనుండేది కాదు."

నిరాడంబరంగా బతికారని పెద్దవాళ్ళను మెచ్చుకుంటూ ఉంటాం. ఉన్నది వదులుకున్నవాళ్ళకు ఆ మాట నప్పుతుంది. ఈయనకు వదులుకోవడానికి ఏముందని, అనుకున్నాను.

అంతలో గుమస్తా కేకేశాడు. "ఇలా రా తాతా, ముద్ర వెయ్యాలి."

నేనూ లేచి వెళ్ళాను. ముసలాయన బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తాడు. పడలేదు. తెల్లారకముందు నుంచీ నీళ్ళలో నాని వేలు తెల్లగా ముడతలు పడిపోయింది, గీతలు కలిసిపోయి ఉత్త మచ్చ పడుతోంది. గుమస్తా గుడ్డతో తుడిచాడు. ఎండలో పెట్టమన్నాడు. మళ్ళీ ఒత్తించాడు. మళ్ళీ మచ్చే.

"అప్పు కాగితమా తాతా?" అన్నాను మెల్లగా.

"కాదు బాబూ, లీజు కాగితం. ఈ చెరువు మాదే. వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు లంకల్లో వడ్డోళ్ళకి సంఘాలు పెట్టి ఇచ్చారు. పిల్ల పొయ్యాలన్నా, మేత కొనాలన్నా మా దగ్గర పెట్టుబడేదీ? ఆ కారాయనకి లీజుకిచ్చాం. సంఘంలో ఉన్నోళ్ళందరూ ముద్రలెయ్యాలంట."

చివరికెలాగో నాలుగు గీతలు కనబడేలా పడింది. గుమస్తా కాగితం ఆరబెట్టి, మడిచి, జేబులో పెట్టుకుని కూలీల పుస్తకం తెరిచాడు.

"నీ ముద్ర పడేసరికి ఇంతసేపయింది. అరపూట కూలి కోస్తున్నా. దిగు, దిగు, వల ఆగిపోయింది."