స్ప్లెండర్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: హీరో స్ప్లెండర్ కొనాలని నిశ్చయించుకొని, పాత మోడలా కొత్త మోడలా అని తేల్చుకోలేక నిద్ర పాడుచేసుకుంటున్న ఒక గృహస్థుతో కవి పలుకుచున్నాడు. కవి ఎవరని అడగకండి. వ్యాఖ్యానం రాయాలన్న దురద పుట్టి, మూలం దొరక్క, వ్యాఖ్యాతే పద్యం అల్లుకున్నాడు.

ఆ.వె.
కిక్కు కొట్ట లేచు కీర్తి పాతది గాని
పంపు వలన కొత్త పరుగు గలదు
ఎదురు సందులోన నెవ్వడున్నాడొకో
చూచి కొనుము బండి సోదరుండ!

ప్రతిపదార్థం: కిక్కు కొట్టన్ = కిక్కు రాడ్డు తొక్కిన తోడనే; లేచు కీర్తి = స్టార్టవుతుందన్న పేరు గలది; పాతది = కార్బొరేటర్ బండి; కాని = అయినప్పటికిని; పంపు వలనన్ = పెట్రోలు ట్యాంకులోని కరెంటు పంపు చేత; కొత్త పరుగు = చలికాలం పొద్దున చోక్ లాగే పని లేని పరుగు; కలదు = ఉన్నది; ఎదురు సందులోనన్ = మీ ఇంటి నుంచి బండి తోసుకుంటూ పోగలిగినంత దూరములో; ఎవ్వడు ఉన్నాడొకో = ఎటువంటి మెకానిక్ ఉన్నాడో; చూచి = విచారించి; బండిన్ కొనుము = అడ్వాన్సు ఇమ్ము; సోదరుండ = ఓ తమ్ముడా. దీనిని నవ్యులు ‘బ్రో’ అందురు.

తాత్పర్యం: పాతదానికి పేరుంది, కొత్తదానికి సుఖముంది. ఏది కొనాలో నీ సందులోని మెకానిక్‌ను బట్టి నిర్ణయించుకో.

విశేషాలు: ‘పాతది’ అనగా ఏది? ఇక్కడ వ్యాఖ్యాతల్లో కొట్లాట ఉంది. స్ప్లెండర్ 1994లో పుట్టింది. 2010 డిసెంబరులో హీరో, హోండా విడిపోవడానికి ఒప్పుకున్నాయి. మరుసటి ఏడు కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది. కనుక ట్యాంకు మీద రెండు పేర్లూ ఉన్న బండే అసలు పాతది, తరువాతవన్నీ ప్రక్షిప్తాలు అని ప్రాచీనుల వాదం. ఆ స్టిక్కర్ చూపించి సెకండ్ హ్యాండ్‌లో రెండు వేలు ఎక్కువ అడిగేవాళ్ళూ ఈ సంప్రదాయానికి చెందినవారే. ఇది నిలవదు. ఏలననగా, ఇంజిను కొలతలు విడాకుల్లో పోలేదు. సిలిండరు వెడల్పు 50 మి.మీ., పిస్టన్ నడక 49.5 మి.మీ., రెండూ కలిసి 97.2 సీసీ. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నాలుగు గేర్లూ అప్పుడూ ముందుకే, ఇప్పుడూ ముందుకే.

అసలు గీత 2020 ఏప్రిల్ 1న పడింది. ఆ రోజు నుంచి దేశంలో బీఎస్-6 నిబంధన వచ్చింది. పొగ తగ్గించడం కోసం కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. పద్యంలోని పాత, కొత్త అన్న మాటలు ఈ గీతకు అటూ ఇటూ అన్వయించుకోవాలి.

కార్బొరేటర్‌లో రహస్యమేమీ లేదు. పెట్రోలు ఒక గిన్నెలోకి దిగుతుంది, ఇంజిను పీల్చే గాలి దాన్ని సన్నని జెట్టు గుండా లాగుకుంటుంది. జెట్టులో నలుసు పడితే బండి దగ్గుతుంది. మెకానిక్ రెండు స్క్రూలు విప్పి, పెట్రోలుతో కడిగి, జెట్టు ఊది, టీ తాగి వచ్చేలోగా బిగిస్తాడు. కొత్తదాంట్లో ఎంత పెట్రోలు చిమ్మాలో సెన్సార్లను అడిగి ఒక చిన్న కంప్యూటర్ లెక్క కడుతుంది. ఆ లెక్క మనిషి చెవి కంటే ఖచ్చితం. కాకపోతే మీటర్‌లో చెక్ ఇంజిన్ లైటు వెలిగిన నాడు చెవితో పని ఉండదు, స్కానర్ కావాలి. అది లేని మెకానిక్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, “అన్నా, షోరూముకు తీసుకుపో” అంటాడు. కవి మూడో పాదం ఇందుకే రాశాడు.

‘కిక్కు’ అన్న మాట కొత్తదానికీ వర్తించదా, దానికీ కిక్కు రాడ్డు ఉన్నది గదా అందురేమో. ఉన్నది. కానీ బ్యాటరీ పూర్తిగా చచ్చిన రోజు పంపుకు కరెంటు అందదు గనుక ఆ రాడ్డును నమ్ముకోలేం. అట్లే పాతదాంట్లో పెట్రోలు అయిపోవచ్చినప్పుడు వంగి రిజర్వ్‌కు తిప్పే అలవాటున్నవారు, కొత్తదాన్ని అడుగంటేదాకా నడపరాదు. ఆ పంపును చల్లబరిచేది పెట్రోలే.

పాఠాంతరం: మూడో పాదంలో “ఎదురు షోరూములోన” అని కొందరు చదువుతారు. గణభంగం. పైగా ఫైనాన్స్ కుర్రాడి చేయి అందులో కనిపిస్తోంది.

నాలుగో పాదంలో ‘చూ’కు ‘సో’కు యతి చెల్లింది. స్పేర్ పార్టులు ఇంత సులువుగా చెల్లవు.

పూర్వపక్షం: కవి మైలేజ్ మాటే ఎత్తలేదు గదా? ఎత్తడు. టైర్లలో గాలి తగ్గి, చైను ఎండిపోయి ఉంటే రెండూ తాగుతాయి. ఎత్తవలసిన సంగతి వేరే ఉంది. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 నుంచి వస్తున్న బండ్లు దానికి తగినట్టు తయారయ్యాయి. వెనకటి కార్బొరేటర్ బండిలో రబ్బరు పైపులు, వాషర్లు గమనించుకుంటూ ఉండాలి. నెలల తరబడి నిలిపి ఉంచే వారికి పాతది పనికిరాదని నా మతం.

లైటు సంగతి. 2017 నుంచి వచ్చిన బండ్లకు పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది, ఆపే స్విచ్చు లేదు. ఎదురొచ్చే పెద్దమనుషులు ఇప్పటికీ గుప్పిట మూసి తెరిచి సైగ చేస్తారు. తల ఊపి పోవలెను.

నిర్ణయం: స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరుంటే, రోజూ నడిపే పని ఉంటే, కొత్తదే. పల్లెలో ఉండి, దగ్గర్లో స్పానర్లు తప్ప వేరే సామాను లేకపోతే, 2017, 2019 మధ్య కార్బొరేటర్ బండి ఒకే ఓనరు దగ్గరున్నది వెతుక్కోండి. మరీ పాతదైతే ఆర్‌సీ చూడండి. 15 ఏళ్ళు నిండితే ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవలసింది మీరే. చూడటానికి పోయేటప్పుడు ఆ ఎదురు సందు మెకానిక్‌ను వెనక కూర్చోబెట్టుకొని వెళ్ళండి. అమ్మేవాడు మీరు వచ్చేసరికే ఇంజిను వేడి చేసి ఉంచితే, బేరం ఆడకుండా తిరిగొచ్చి, మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్ళి చల్లటి ఇంజినును మీరే కిక్కు కొట్టి చూడండి.