అంతా ఉత్తుత్తి ఫైటింగేనా?

నాకో జబ్బు ఉండేది. ఎవరైనా దేన్నైనా ప్రాణం పెట్టి చూస్తుంటే, పక్కన చేరి "అదంతా ఉత్తిదే" అని చెప్పేదాకా నిద్ర పట్టేది కాదు. మీకూ ఎంతో కొంత ఉండే ఉంటుంది, ఒప్పేసుకోండి.

కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో నేనూ రెజ్లింగ్‌లో అండర్‌టేకర్ అంటే పడి చచ్చినవాణ్ణే. రెజ్లింగ్ కార్డుల మీద ఎవరి ఛాతీ ఎంతో, ఎవరి బైసెప్స్ ఎంతో ఎక్కాల కంటే బాగా వచ్చేవి. కాలేజీలో చేరాక, రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారని తెలిసింది. ఇక నన్ను పట్టేవాడు లేడు. సెలవులకు ఇంటికొచ్చేసరికి మా పిన్ని కొడుకు రెజ్లింగ్ చూస్తూ టీవీకి అతుక్కుపోయి ఉన్నాడు. తెరమీద ఒకాయన పైనుంచి పడ్డాడు. "అన్నయ్యా, చచ్చిపోతాడేమో!" అన్నాడు వాడు కళ్లనిండా నీళ్లతో. కింద పరుపులుంటాయన్నాను, రక్తం రంగునీళ్లన్నాను, ఏడుపు కూడా డబ్బు తీసుకునే ఏడుస్తారన్నాను. వాడు లేచి టీవీ కట్టేశాడు. నేను గెలిచాననుకున్నాను.

నేను చెప్పింది అబద్ధం. రింగు కింద ఇనుప దూలాలు, వాటిమీద చెక్కలు, పైన పలచటి ఫోము, గుడ్డ. అంతే. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో మిక్ ఫోలీ అనే రెజ్లర్‌ని అండర్‌టేకర్ రింగు చుట్టూ కట్టిన దాదాపు 16 అడుగుల పంజరం మీదనుంచి బల్ల మీదకు తోశాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఫోలీ లేచి మళ్లీ పైకెక్కాడు. ఈసారి పైకప్పు జాలీ ఊడిపోయి రింగులో పడ్డాడు. అది ఎవరూ అనుకున్నది కాదు. విరిగిన పన్ను వెళ్లి ముక్కులో ఇరుక్కుంది. గెలిచేదెవరో ముందే రాసుకున్నారు, నిజమే. పడటం మాత్రం పడటమే కదండీ.

ఇంకో రెజ్లర్ బ్రెట్ హార్ట్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. రింగులోకి వస్తూ తన కళ్లజోడు తీసి ముందు వరసలో ఉన్న పిల్లలకిచ్చే మనిషి ఆయన. 1999 మేలో ఆయన తమ్ముడు ఓవెన్‌ను కాన్సాస్ సిటీలో తాడు కట్టి పైకప్పు నుంచి దించబోతుంటే పట్టు ఊడింది; దాదాపు 78 అడుగుల ఎత్తునుంచి రింగులో పడి అతను చనిపోయాడు. వయసు 34. ఆ రాత్రి మిగతా పోటీలు ఆపలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న అదే ఏడాది డిసెంబరులో రింగులో బ్రెట్ తలకు ఒక తన్ను తగిలింది. మెదడు దెబ్బతిని, ఆ మరుసటి ఏడాదే ఆట మానేయాల్సి వచ్చింది. 2002లో పక్షవాతం.

మరో రెజ్లర్ ఎడ్డీ గెరెరో 38 ఏళ్లకే హోటల్ గదిలో గుండె ఆగి పోయాడు. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన కర్ట్ యాంగిల్ మెడనొప్పికి మింగిన మాత్రలకే బానిసయ్యానని తనే చెప్పుకున్నాడు. ఇంతా చేసి అమెరికాలో ఈ పోటీలు నడిపే పెద్ద కంపెనీ లెక్కలో వీళ్లు ఉద్యోగులు కూడా కారు, కాంట్రాక్టు మనుషులు. ఇది అన్యాయం, ఇంకో మాట లేదు.

మీ ఇంట్లో పిల్లాడెవరైనా "ఇది నిజమేనా?" అని అడిగితే, నాలాగా గబుక్కున తీర్పు చెప్పేయకండి. ముందు ఓవెన్ హార్ట్ గురించి చెప్పండి.