కిటికీ దగ్గర సున్నా

మందు దొరుకుతోందా లేదా అని తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెల్త్ యాక్షన్ ఇంటర్నేషనల్ కలిసి 2003లో ఒక సర్వే పద్ధతి తెచ్చాయి. సర్వేకు వెళ్లిన రోజున మందు కంటికి కనబడాలి. రిజిస్టర్లో ఉంటే చాలదు. ‘రేపొస్తుంది’ అంటే అసలే చాలదు.

మన దగ్గర ఈ సర్వేను రోగులే రోజూ చేసేస్తున్నారు, పైసా తీసుకోకుండా. సర్కారు దవాఖానా కిటికీలోకి చీటీ చాపితే లోపలి చెయ్యి ఒక మందు ఇచ్చి, మిగతా రెండు పేర్ల చుట్టూ సున్నాలు చుట్టి తిరిగిస్తుంది. బయట కొనుక్కోమని అర్థం. సున్నాకు ఇంత విలువ ఉంటుందని దాన్ని కనిపెట్టినవాళ్లక్కూడా తట్టి ఉండదు.

ధర భరించగలరా అన్నదానికీ ఆ సర్వేలో కొలత ఉంది: అట్టడుగు ప్రభుత్వోద్యోగికి ఎన్ని రోజుల జీతం అని. ఆ ఉద్యోగమే లేని అడ్డా కూలీ ఏ గీత దగ్గర నిలబడాలో మరి!

పొరుగున తమిళనాడు 1994లోనే మందుల కార్పొరేషన్ పెట్టి, ఆసుపత్రుల చేతికి మందులు తెచ్చుకునే పాస్‌బుక్కులిచ్చింది. మనం వెనకబడ్డామని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరు ఉందిగా. అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. చీటీ అక్కర్లేదు, క్యూ లేదు, స్టాకు నిండుకున్నదీ లేదు. కంటికి కనబడదు కాబట్టి సర్వే లెక్కకే రాలేదు, పాపం.