ఇప్పపూల కాలంలో వచ్చిన లిమిట్

మహారాజశ్రీ, సర్కారు బడులకు నిధులు విడుదల చేసే పెద్దసారు గారి దివ్యసముఖానికి,

చర్ల అడవి అంచున, ఛత్తీస్‌గఢ్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఒంటి పంతులు బడి నుంచి రాసుకున్న విన్నపం. మార్చి 28, శుక్రవారం సాయంత్రం మా ఖాతాకు 5,000 రూపాయల లిమిట్ వేయించారు. సంతోషం. ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి పదివేలు. ఆ పదివేలలో రెండో సగం, ఏడాది ముగియడానికి మూడు రోజుల ముందు దయచేశారు. ఆదివారం ఉగాది, సోమవారం రంజాన్. నాకు మిగిలింది శనివారం.

మా గూడెంలో సిగ్నల్ ఉండదని తమకు తెలుసు. తెల్లారకముందే బండి మీద మండలానికి పోయి, నెట్ సెంటర్ తలుపు కొట్టి, పేమెంట్ కాగితం ప్రింటు తీయించి, బడి కమిటీ చైర్‌పర్సన్ సంతకం కోసం మళ్లీ వెనక్కి వచ్చాను. ఆమె ఇంట్లో లేదు. ఇప్పపూల కాలంలో ఎవరుంటారు? అడవిలోకి నడిచాను. గంప పక్కన పెట్టుకుని ఏరుతోంది. ‘ఇప్పుడే కావాల్నా సారూ, ఆలస్యమైతే గొడ్లు తినిపోతయి’ అంది. బంక చేతులు చీరకు తుడుచుకుని, మోకాలి మీద పెట్టి సంతకం చేసింది. కాగితం వేలికి అంటుకుని వచ్చింది.

బ్యాంకులో నా వంతు వచ్చేసరికి మూడున్నర. సంతకం కలవట్లేదు, ఈ మరకేంటి, మంగళవారం రండి అన్నారు. మంగళవారం ఏప్రిల్ ఒకటి, బ్యాంకు తలుపు సగమే తీసి ఉంది, లెక్కల రోజట. బుధవారం చూస్తే లిమిట్ సున్నా.

ఇచ్చింది డబ్బయితే కదా ఉండటానికి! 2021లో ఖాతాలన్నీ జీరో బ్యాలెన్స్ చేసినప్పటి నుంచి మా దాకా వచ్చేది అంకె ఒక్కటే. మార్చి 31 రాత్రి అదీ పోతుంది. పైగా నిన్న వాట్సాప్‌లో ‘నిధులు ఎందుకు వినియోగించుకోలేదు, సంజాయిషీ ఇవ్వండి’ అని మెసేజ్. సర్కారు సొమ్ము ఖర్చు పెట్టినందుకు గోపన్నను గోల్కొండలో ఖైదు చేశారు. ఖర్చు పెట్టనందుకు నాకు మెమో. ఆయన గుడన్నా కట్టుకున్నాడు, నేను కనీసం చీపుర్లు కొనలేదు.

కొనలేదంటే అబద్ధమే. చాక్‌పీసులు, రిజిస్టర్లు, బోరింగు వాషర్, ఆగస్టు 15 చాక్లెట్లు, అన్నీ భద్రాచలంలో అరువు తెచ్చినవే. ఆ షాపాయన ముందు నుంచి పోలేక సందు తిరిగి పోతున్నాను. వంటామె కోడిగుడ్లూ అరువే, ఆమె బిల్లు సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను.

సారూ, ఎక్కువ అడగను. అదే అయిదు వేలు, మళ్లీ వేయండి. జూన్‌లో ఇవ్వండి, వాగు పొంగే ఆగస్టులో ఇచ్చినా ఈదుకుంటూ పోయి తెచ్చుకుంటాను. ఇప్పపూలు రాలే నెలలో మాత్రం వద్దు.

తమ విధేయుడు,
ఒంటి పంతులు