టచింగు మాస్టారు

వేసవి సెలవులిచ్చి రెండు రోజులు తిరక్కుండానే లిఫ్టు పక్కన ఒక కాగితం అంటుకుంటుంది. సమ్మర్ క్యాంపు: డ్రాయింగు, హ్యాండ్‌రైటింగు, వేదిక్ మ్యాథ్స్. ఇందులో మొదటి రెండూ చెప్పేది ఒక్కరే. స్కూటరు మీద కాళ్ళ మధ్య చార్టుల చుట్ట నిలబెట్టుకుని, భుజాన గుడ్డసంచీతో వాచ్‌మన్‌ని "కమ్యూనిటీ హాల్ తాళం తీశావా బాబూ?" అని అడుగుతూ దిగుతారు. ప్రతి అపార్టుమెంటుకీ ఇలాంటి మాస్టారు ఒకరుంటారు. లేకపోతే పక్క అపార్టుమెంటు వాళ్ళు పంచుకోనిస్తారు.

చదువు విషయంలో ఆయన్ని తీసిపారేయడానికి లేదు. డ్రాయింగు లోయరు, హయ్యరు రెండూ పాసయ్యారు. గవర్నమెంటు బళ్ళో డ్రాయింగు పోస్టు పడుతుందేమోనని ఎదురుచూస్తూ, పడేదాకా ఊళ్ళో షాపుల బోర్డులు రాశారు. ఎన్నికలొస్తే గోడలు కూడా రాశారు. పోస్టు పడలేదు గానీ ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి. గంటలో అచ్చై వచ్చే బోర్డుకి కుంచె పట్టుకుని వారం రోజులు నిచ్చెన మీద నిలబడే మనిషితో ఏం పని? అలా మాస్టారు బోర్డుల నుంచి పిల్లలకి మారారు. చెయ్యి మాత్రం మారలేదు. ఆయన ఏ జంతువు వేసినా కుడివైపు కింద నల్లటి నీడ పడి తీరుతుంది. అది ఒకప్పుడు 'జనరల్ స్టోర్సు' అక్షరాలకి వేసిన నీడ. బొమ్మలో సూర్యుడు ఏ దిక్కున ఉన్నా దానికి అనవసరం.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. ఏనుగు వస్తే అడవంతా వచ్చినట్టే. సోమవారం ఏనుగు. తొండం, దంతాలు తీసేసి తోక మెలిపెడితే మంగళవారం పంది. మెడ పొడుగు చేసి వీపు మీద మూపురం పెడితే బుధవారం ఒంటె. గురువారం ఖడ్గమృగం.

"అందరూ ఒక పెద్ద గుండ్రం వెయ్యండి. ఏంటది?"

"దోశ సార్!"

"దోశ కాదు, పొట్ట. పక్కన చిన్న గుండ్రం. ఇదేంటి?"

"చట్నీ సార్!"

"తల. దోశకి కాళ్ళు పెట్టండి."

అయిదేళ్ళ పిల్లలతో ఎక్కువసేపు వాదించకూడదని ఆయనకి తెలుసు.

అసలు గొడవంతా కొమ్ము దగ్గర వస్తుంది. ముక్కు మీద అని ఆయన ఎంత మొత్తుకున్నా సగంమంది నుదుటి మీద పెడతారు. యూనికార్న్ ప్రభావం. ఒకమ్మాయి దానికి ఇంద్రధనుస్సు రంగులు కూడా వేసేసింది. ఇంకో బుడ్డోడు కొమ్ము ఎముకా అని అడిగాడు. కాదు, మన గోళ్ళూ జుట్టూ ఏ పదార్థమో అదీ అదే అన్నారు మాస్టారు. ఆ మాట నిజమే. వాడు వెంటనే, "మరి ఆదివారం ఆదివారం కత్తిరిస్తారా?" అన్నాడు. "మాట్లాడకుండా వెయ్యి" అన్నదే దానికి సమాధానం.

పిల్లల్ని దాటుకొస్తే తల్లులుంటారు. వెనక కుర్చీలో కూర్చున్న ఒకావిడ ఫోను ముందుకి చాపింది. "సార్, గూగుల్లో రెండు కొమ్ములున్నాయండీ."

"అది ఆఫ్రికాదమ్మా. మన అస్సాం దానికి ఒకటే."

"మావాడిది ఇంటర్నేషనల్ స్కూలు సార్. వాడికి రెండు వేయించండి."

వేయించారు. ఫీజు ఇచ్చే చేత్తో రెండు కొమ్ములు అడిగితే కాదనే అలవాటు మాస్టారికి లేదు.

రంగుల దగ్గర ఇంకో చిక్కు. పన్నెండు క్రేయాన్ల పెట్టెలో బూడిదరంగు సాధారణంగా ఉండదు. నలుపు రుద్ది, దాని మీద తెలుపు రుద్దమంటారు. ఏడాది పొడుగునా అరక్కుండా పడి ఉండే తెల్ల క్రేయానుకి ఆ ఒక్కరోజు ఉద్యోగం దొరుకుతుంది. ఎంత రుద్దినా వచ్చేది బొగ్గు రంగే కాబట్టి, బొమ్మ కళగా ఉండాలని వెనకాల సీనరీ వేయిస్తారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, గుడిసె, కొబ్బరిచెట్టు. కాజీరంగాలో మనిషెత్తు గడ్డిలో తిరిగే జంతువు కోనసీమలో గుడిసె ముందు నిలబడి మన వైపు తిరిగి నవ్వుతూ ఉంటుంది. నవ్వు తప్పనిసరి. కాజీరంగాలో 2022 లెక్కల్లో 2,613 ఖడ్గమృగాలు తేలాయి. వాటిలో ఒక్కటైనా ఇలా నవ్వుతుందా అని అడిగాను. "నవ్వకపోతే పేరెంట్స్ ఒప్పుకోరండీ" అన్నారు. మరి ఒంటి మీద ఆ మడతలు? "మడతలు వేస్తే ముసల్దైపోతుంది."

మాస్టారు ఖడ్గమృగాన్ని చూడలేదు. బహదూర్‌పుర జూ పార్కు స్కూటరుకి అందని దూరమేమీ కాదు గానీ, ఆదివారం కూడా బ్యాచీలుంటాయి. చూడకుండా వేశారని ఎగతాళి చేద్దామంటే ఈ వరసలో ఆయన కంటే చాలా పెద్దవాడొకడు ముందే ఉన్నాడు. 1515లో గుజరాత్ సుల్తాను పోర్చుగీసు వాళ్ళకిచ్చిన ఖడ్గమృగం ఓడెక్కి లిస్బన్‌లో దిగింది. దాన్ని చూసినవాళ్ళెవరో గీసిన బొమ్మ, రాసిన వర్ణన చేతికందితే, జర్మనీలో కూర్చుని ఆల్బ్రెక్ట్ డ్యూరర్ చెక్క మీద ఆ జంతువుని చెక్కించాడు. ఒంటికి యోధుడిలా కవచం తొడిగాడు, కాళ్ళకి పొలుసులు పెట్టాడు, చాలదన్నట్టు భుజాల మధ్య ఇంకో బుల్లి కొమ్ము మొలిపించాడు. మరీ తప్పుపట్టలేం. మన ఖడ్గమృగం తోలు నిజంగానే పలకలు బిగించినట్టుంటుంది. ఆ తర్వాత రెండొందల ఏళ్ళకి పైగా యూరప్ ఖడ్గమృగమంటే ఇదేనని నమ్మింది. పాపం ఆ జంతువుని పోర్చుగల్ రాజు పోపుకి కానుకగా పంపితే, ఓడ మునిగి దారిలోనే పోయింది. అదీ బొమ్మా ఎదురుపడే అవకాశం లేకుండా పోయింది.

ఆ బొమ్మ ఫోన్లో మాస్టారికి చూపించాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశారు. "షేడింగు బ్రహ్మాండం. కానీ గంటలో ముప్పైమందికి అయ్యే పని కాదిది." తర్వాత వేలు భుజాల మీద ఆగింది. "ఇదేంటి, ఇక్కడ రెండో కొమ్ము?"

"అదే తెలీదండీ."

"పేరెంట్ ఎవరో అడిగుంటారు" అన్నారు మాస్టారు.

క్లాసు ఇంకో పావుగంటలో అయిపోతుందనగా టచింగు మొదలవుతుంది. మాస్టారి అసలు ప్రతిభ ఇక్కడే చూడాలి. నల్ల స్కెచ్‌పెన్ను తీసి మొదటి వరస నుంచి ఒంగి ఒంగి వెళ్తారు. ఒకడి దోశని లోపలికి నొక్కుతారు. ఇంకొకడి కొమ్ముని నుదుటి మీంచి ముక్కు మీదికి దింపుతారు. ఒకడు పొట్టలో పిల్లఖడ్గమృగాన్ని, అది తిన్న గడ్డితో సహా వేశాడు. దాని మీద నలుపు పూసేస్తారు. అందరికీ కంటిరెప్పలు, అందరికీ నవ్వు, అందరికీ కుడివైపు నీడ. కింద పిల్లాడి పేరు కూడా బోర్డు అక్షరాల్లో ఆయనే రాస్తారు. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పడేసరికి ముప్పై ఖడ్గమృగాలూ కవలలు. పేరు చూసుకుని ఎవరి బిడ్డని వాళ్ళు గుర్తుపట్టి చప్పట్ల బొమ్మలు పెడతారు.

పిల్లల బొమ్మల మీద విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన 1947లో పెద్ద పుస్తకమే రాశాడు. ఈ వయసు పిల్లలు తమకి ముఖ్యమనిపించినదాన్ని పెద్దగా వేస్తారు, కొలతలతో వాళ్ళకి నిమిత్తం లేదు అంటాడు. అచ్చేసిన బొమ్మల్లో రంగులు నింపించడమంటేనే ఆయనకి గిట్టదు. మన మాస్టారితో ఒక్క పూట కూడా పొసిగేది కాదు.

ఆ గురువారం టచింగు చివరి వరస దాకా సాఫీగా సాగింది. అక్కడ పరీక్ష అట్ట మీద తల ఆనించి ఒక పిల్ల వేస్తూనే ఉంది. కాగితం ఎడమ అంచు నుంచి మధ్య దాకా పెద్ద కొమ్ము. కొబ్బరిచెట్టు లేదు, దోశ లేదు, చట్నీ లేదు. కొమ్మొక్కటే.

"ఒళ్ళేదమ్మా?"

"వస్తోంది సార్."

మాస్టారు స్కెచ్‌పెన్ను మూత తీశారు. ఎక్కడ పెట్టాలో తోచలేదు. కన్ను పెడదామంటే కన్నుండే చోటు కాగితం మీద లేదు. చివరికి అలవాటు కొద్దీ కొమ్ము కింద కుడివైపు నీడ వేసి పేరు రాశారు.

వాళ్ళమ్మ వచ్చి చూసి మొహం ముడుచుకుంది. "ఇదేంటి సార్, ఐస్‌క్రీం కోనా?"

మాస్టారు క్షణం కూడా తడుముకోలేదు. "క్లోజప్ అమ్మా. ఇది అందరికీ చెప్పం. అడ్వాన్స్ బ్యాచీలో చెప్తాం."

అలాంటి బ్యాచీ ఆ నిమిషం దాకా లేదు. ఆవిడ ఫీజెంతని అడిగింది గనక శనివారం నుంచి మొదలైంది. మొదటి పాఠం, ఏనుగు క్లోజప్.